బాక్సు ఎక్కడిదాకా వచ్చింది?

"ఏడిదాకచ్చిందే బాక్సు?"

ఈ ప్రశ్న మీలో చాలామంది విని ఉండరు. మీ నాన్నగార్నో తాతగార్నో అడిగి చూడండి, మొహం వెలిగిపోతుంది. శుక్రవారం కొత్త బొమ్మ అని గోడల నిండా పోస్టర్లు, టిక్కెట్ల కిటికీ ముందు తోపులాట... తీరా చూస్తే లోపల ఆడించడానికి ఫిల్మే లేదు! రీళ్ల డబ్బాలు ఏ ప్యాసింజరు రైల్లోనో, ఏ బస్సు టాపు మీదనో వస్తూ ఉండేవి. వాటినే బాక్సు అనేవాళ్లం. అది వచ్చేదాకా రికార్డులు వేసి జనాన్ని జోకొట్టాల్సిందే.

నా చిన్నతనంలో, డెబ్బయ్యో పడిలో, మానుకోట పక్కన ఓ పల్లెలో టూరింగ్ టాకీసు ఉండేది. మానుకోట అంటే మహబూబాబాదే లెండి, అక్కడివాళ్లెవరూ అంత పొడుగు పేరుతో పిలవరు. రైల్లో వచ్చిన బాక్సుని స్టేషన్లో దింపుకుని సైకిలు క్యారేజీకి కట్టి తీసుకురావడం ఓ కుర్రాడి పని. ఓ శుక్రవారం వాడెంతకీ రాలేదు. ఆరున్నర అయింది, ఏడున్నర అయింది. నేలటిక్కెట్టు వాళ్లు ఈలలు ఆపి తిట్లలోకి దిగారు. మేనేజరు గుడారం బయట కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. చివరికి చీకట్లో కుర్రాడు కనిపించాడు. కనిపించీ కనిపించగానే చెంప ఛెళ్లుమంది. "కల్లు దుకాణం కాడ కూసున్నవారా?" అని. వాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు, సైకిలు వైపు చూపించాడంతే. వెనక టైరు రిమ్ముకి అంటుకుపోయి ఉంది. అంత బరువు పెట్టుకుని నాలుగు మైళ్లు తోసుకుంటూ వచ్చాడు పాపం.

ఆ రాత్రి చూసిన బొమ్మ నాకు గుర్తులేదు. ఆ టైరు మాత్రం గుర్తుంది.

ఇప్పుడిదంతా ఎందుకంటారా? ఈ వారం మహబూబాబాద్ జిల్లా నుంచి ఓ డిగ్రీ కుర్రాడు ఉత్తరం రాశాడు. అన్న భూపాలపల్లిలో బాయి పనికి వెళతాడట. (బాయి అంటే నీళ్ల బావి కాదు, సింగరేణి బొగ్గు గని!) తమ్ముడు కాలేజీకి వెళ్లి రావడానికి కిస్తుల మీద మోటారు సైకిలు కొనిచ్చాడు. ఇవ్వడమైతే ఇచ్చాడుగానీ, సీటు కింద అగ్గిపెట్టంత జీపీఎస్ ట్రాకర్ కూడా పెట్టించాడు. మనవాడు ఓ శుక్రవారం కాలేజీ ఎగ్గొట్టి, స్నేహితుణ్ణి వెనకాల కూర్చోబెట్టుకుని, తొర్రూరు మీదుగా జనగామ చెక్కేశాడు, సినిమాకి. ఇంటర్వెల్లో ఫోను. "జనగామల నీకేం పనిరా?" ఆట అయ్యాక బయటికొచ్చి కిక్కు కొడితే బండి స్టార్టు కాదు! అన్నగారు భూపాలపల్లిలో కూర్చునే ఫోన్లోంచి ఇంజను కట్ చేశాడన్నమాట. గంటసేపు బతిమాలించుకుని వదిలాడట.

"సార్, దాన్ని పీకే ఉపాయం చెప్పండి" అని ముగించాడు.

నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఉపాయం సంగతి తర్వాత. ముందు ఆ అగ్గిపెట్టె ఏం చేస్తుందో చూద్దాం.

సినిమా వాళ్లు దీన్ని ఎప్పుడో ఊహించేశారు. 1964లో వచ్చిన 'గోల్డ్‌ఫింగర్'లో జేమ్స్ బాండ్ విలన్ కారులో రహస్యంగా ఓ యంత్రం పెట్టి, తన ఆస్టన్ మార్టిన్‌లో కూర్చుని బుల్లితెర మీద చుక్కని చూస్తూ వెంటాడతాడు. రెండేళ్ల తర్వాత 1966లో మన కృష్ణ 'గూఢచారి 116' అయ్యాడు, తెలుగునాట గూఢచారుల జాతర మొదలైంది. నిజం జీపీఎస్ మొదటి ఉపగ్రహం ఆకాశానికెక్కింది మాత్రం 1978లో. అమెరికా సైన్యం తన అవసరం కోసం కట్టుకున్న ఏర్పాటు అది. 1983లో కొరియా ప్రయాణికుల విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లి కూలిపోయాక, దాన్ని మామూలు జనానికీ ఇస్తామని అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించారు. ఇచ్చినా, కావాలనే కాస్త తప్పుగా చూపించేవారు, వంద మీటర్లు అటూ ఇటూ. ఆ మెలిక 2000 మే నెలలో తీసేశారు. అప్పట్నుంచే మన బళ్లకి పనికొచ్చే సరుకయింది.

ఇంకో సంగతి. ఉపగ్రహం మనల్ని చూస్తుందని చాలామంది అనుకుంటారు. పైనుంచి కన్నేసి ఉంటుందని భయం కూడానూ. అదేం లేదు! చాకిరేవు దగ్గర ఎప్పుడైనా దూరంగా నించున్నారా? బట్ట బండ మీద పడటం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. ఆ ఆలస్యాన్ని బట్టి రేవు ఎంత దూరమో చెప్పేయొచ్చు. ఇదీ అంతే. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు "నేను ఫలానా, ఇప్పుడు టైము ఇంత" అని ఊరికే చాటింపు వేస్తుంటాయి. సీటు కింద పెట్టె ఆ చాటింపు విని, ఎంత ఆలస్యంగా అందిందో లెక్కేసి, తనెక్కడుందో తానే తేల్చుకుంటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినపడాలి. గడియారంలో సెకనులో పదిలక్షో వంతు తేడా వస్తే చాలు, లెక్క మూడొందల మీటర్లు తప్పుతుంది. మన దేశానికీ సొంతంగా 'నావిక్' ఉంది, దాని మొదటి ఉపగ్రహం 2013 జులైలో శ్రీహరికోట నుంచి వెళ్లింది.

మరి కబురు అన్నకెలా చేరింది? ఆ పని ఉపగ్రహానిది కాదు. పెట్టెలో ఓ సిమ్ కార్డు ఉంటుంది. చాడీ చెప్పేది అదీ! సెల్ టవరు అందని చోట పెట్టె నోరు మూసుకుని లెక్కలన్నీ దాచుకుని, సిగ్నలు దొరకగానే ఒక్కసారిగా పంపిస్తుంది. అంతదాకా ఫోన్లో చుక్క కదలదు.

ఈ కదలని చుక్క చిన్న విషయం కాదు. భూపాలపల్లి వైపు వెళ్లి చూడండి. బొగ్గు బళ్లు ఒకవైపు, మహదేవపూర్, కాటారం నుంచి గోదావరి ఇసుక మోసుకుని పరకాల, హనుమకొండ, జనగామల మీదుగా హైదరాబాద్ వెళ్లే లారీలు మరోవైపు. బొగ్గు దారిలో మాయమవుతుందనీ, రేషన్ బియ్యం గోదాము చేరకుండానే దారి మళ్లుతుందనీ ఆ బళ్లకి జీపీఎస్ పెట్టించారు. వెళ్లాల్సిన దారి ముందే గీసిపెడతారు, గీత దాటితే గంట మోగుతుంది. ఎన్నికలప్పుడు ఓటింగ్ యంత్రాలు మోసే బళ్లకీ ఇదే కాపలా. మంచిదే, ఎవరు కాదంటారు?

కానీ ఓ ఇసుక లారీ డ్రైవరు నాతో అన్న మాట వినండి. "సార్, బండి ఆగితే ఐదు నిమిషాలల్ల ఓనరు ఫోను. ఎందుకాగినవ్ అంటడు. నిద్రొస్తుందంటే నమ్మడు. అడవిల సిగ్నల్ పోతే ఇంట్ల పిల్లలు భయపడ్తరు." చూశారా, అదే చెంపదెబ్బ! బండి ఎక్కడుందో చుక్క చెబుతుంది, టైరు రిమ్ముకి అంటుకుందని చెప్పదు.

చిత్రమేమిటంటే అదే చుక్క డ్రైవరు తరఫున సాక్ష్యం కూడా చెప్పగలదు. డ్రైవరుకి రోజుకి ఎనిమిది గంటల పని, ఐదు గంటలు దాటకుండా మధ్యలో అరగంట విరామం అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాసిపెట్టారు; ఆ చట్టం 2025 నవంబరు దాకా అమల్లో ఉండేది. పొద్దున ఎప్పుడు బయల్దేరాడు, అర్ధరాత్రి దాకా ఎన్ని గంటలు తోలాడు, అన్నీ ఆ పెట్టెలో ఉంటాయి. లారీ ఎందుకాగిందని అడిగేవాళ్లేగానీ, ఇన్ని గంటలు ఆగకుండా ఎందుకు నడిచిందని ఆ పటం తెరిచి అడిగినవాళ్లని నేనింకా చూడలేదు.

చుక్కని చూసి జనం సంతోషించే చోటు కూడా ఒకటుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఆర్టీసీ డిపోలే, వరంగల్ రీజియన్‌వి. ఫస్ట్ షో వదిలాక పల్లెకి వెళ్లే ఆఖరి బస్సు కోసం పరిగెత్తినవాళ్లకి తెలుస్తుంది బాధ. క్లైమాక్సు చూస్తే బస్సుండదు, బస్సెక్కితే క్లైమాక్సుండదు! 2023 ఆగస్టులో ఆర్టీసీ 'గమ్యం' అనే యాప్ పెట్టింది. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లోనే కనిపిస్తుంది. మొదలుపెట్టిననాడు అన్ని బస్సులకీ ఈ ఏర్పాటు లేదు. అయినా రాత్రి ఎనిమిదింటప్పుడు బస్టాండులో ఒంటరిగా నించున్న ఆడపిల్లకి, "ఇంకో పది నిమిషాల్లో" అన్న భరోసా ఎంతో ఆలోచించండి. ఇక్కడ పెట్టె ఉన్నది ఆర్టీసీ బస్సులో. చూసేది ప్రయాణికురాలు. ఎవరికీ దాపరికం లేదు.

దాపరికం అంటే గుర్తొచ్చింది. మన హీరోలు హీరోయిన్ సైకిలు వెంట, స్కూటీ వెంట తిరిగి పాటలు పాడి పాడి మీకు పాడు అలవాటు నేర్పారు. ఇప్పుడు అగ్గిపెట్టంత యంత్రం చవగ్గా దొరుకుతోంది కదాని, ఎవరి స్కూటీ కిందో రహస్యంగా అంటించే వీరులు ఉంటారు. నాయనలారా, వద్దన్న అమ్మాయి వెంట పదేపదే పడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. షీ టీమ్స్ 2014 నుంచీ ఈ పని మీదే ఉన్నాయి. తెర మీద ఆ పాటకి కోరస్ ఉంటుంది, స్టేషన్లో ఉండదు. మీ ఉత్తరాల్లో ఆ ఉపాయం మాత్రం నన్ను అడక్కండి.

ఆ మాటకొస్తే సినిమాకే జీపీఎస్ పెట్టేశారు! బాక్సుల కాలం పోయింది. బొమ్మ ఇప్పుడు ఉపగ్రహం మీదుగానో, హార్డ్ డిస్కులోనో థియేటరుకి వస్తోంది, తాళంచెవి లాంటి అంకెల వరస వేరే వస్తుంది. పైగా తెర మీద మన కంటికి ఆనని గుర్తులుంటాయి. ఎవడైనా సెల్‌ఫోనుతో దొంగతనంగా తీస్తే, ఏ థియేటరులో, ఎన్నో తారీఖున, ఏ ఆటలో తీశాడో ఆ కాపీయే పట్టిస్తుంది.

ఇక మానుకోట తమ్ముడూ, నీ సంగతి. పీకే ఉపాయం నేను చెప్పను. పీకితే తీగ తెగిందని కూడా చాలా పెట్టెలు కబురు పంపిస్తాయి, అప్పుడు అన్నకి కోపం రెట్టింపవుతుంది. అయినా ఒక్క మాట అడుగుతాను. పెట్టించే ముందు మీ అన్న నీకు చెప్పాడా? చెప్పలేదని నీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. తప్పు అక్కడ ఆయనది. చెప్పి పెట్టిస్తే అది బండి దొంగపోకుండా కాపలా, చెప్పకుండా పెట్టిస్తే నీ మీద కాపలా. కాలేజీ ఎగ్గొట్టి అంత దూరం అబద్ధం మీద వెళ్లడం నీ తప్పు. లెక్క సరిపోయింది.

ఆయన సెకండ్ షిఫ్ట్ దిగి, స్నానం చేసి, అన్నం తిన్నాక ఫోన్ చెయ్యి. బాయి పని చేసి వచ్చినవాడితో అన్నం ముందు పేచీ పెట్టుకోకు. రెండు మాటలు అడుగు. ఒకటి, నేను సినిమాకి పోవాలనుకున్నప్పుడు ముందే చెప్తా, ఆ రోజు చుక్క చూసి ఫోన్ చెయ్యకు. రెండోది గట్టిగా అడుగు. నడుస్తున్న బండికి ఇంజను కట్ చెయ్యొద్దు, ఎప్పటికీ. వెనకాల ఏ లారీ ఉంటుందో ఆ పటంలో కనపడదు. అది దొంగ ఎత్తుకెళ్లి ఆపిన బండి కోసం పెట్టిన మీట, తమ్ముడి కోసం కాదు.

ఒప్పుకున్నాడో లేదో రాయి. అన్నట్టు, జనగామ దాకా వెళ్లి చూసిన ఆ బొమ్మ ఏమిటో ఉత్తరంలో రాయనే లేదు. అంత దూరం బండి తోలుకెళ్లి చూడదగ్గదేనా?