గ్యాసే కదా అనుకోకండి!

అక్కయ్యలూ, చెల్లెళ్లూ! ఈ వారం వంటలు పక్కనపెట్టి నా సంగతి చెబుతాను.

మొన్నామధ్య పొద్దున్నే పప్పుకి తాలింపు పెడుతుంటే గుండెల మీద రోలు పెట్టినంత బరువనిపించింది. దవడ లాగేస్తోంది, ఒళ్లంతా చల్లటి చెమటలు. గ్యాసేలే అని కాస్త వాము నమిలి, మావారికి క్యారేజీ సర్దాకే కూర్చున్నాను. ఆయన నా మొహం చూసి కంగారుగా 108కి ఫోన్ చేశారు.

ఆస్పత్రిలో వెంటనే ఈసీజీ తీశారు. గుండెపోటేనట! రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేశారు. ఆలస్యమయ్యేకొద్దీ గుండె కండరం చచ్చిపోతుందని డాక్టరుగారు చెబితే, క్యారేజీకి ఖర్చుపెట్టిన ఆ అరగంట తలుచుకుని వణికిపోయాను.

ఆ రాత్రి భయంతో నిద్రపట్టకపోతే నర్సమ్మాయి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. మా అమ్మాయి వయసే ఉంటుందేమో! ఇంటికొచ్చే రోజు "నీ ఋణం ఎలా తీర్చుకోనమ్మా?" అన్నాను.

"మాత్రలు మానకండి ఆంటీ. తెలిసినవాళ్లకి ఈ సంగతి చెప్పండి, చాలు" అంది.

అందుకే మీకు చెబుతున్నాను. మన ఆడవాళ్లలో ఆయాసం, వాంతి, వీపునొప్పి, విపరీతమైన నీరసం కూడా గుండెపోటు లక్షణాలు కావచ్చు. అనుమానం వస్తే స్టవ్ కట్టేసి ముందు ఫోన్ చెయ్యండి. వంటదేముంది, రేపైనా చేసుకోవచ్చు!