బస్సులో బందరు సముద్రమునకు

మన పెద్ద అంబర్‌పేట మీదుగా పోవు 65వ జాతీయ రహదారి బందరున ముగియును. ఇంత తిన్నని త్రోవ యుండియు మన పిల్లలలో ననేకులు సముద్రమును పటములయందే చూచిరి.

విహారయాత్ర బస్సులు రాత్రివేళ బయలుదేరుట వాడుక. పిల్లలు నిద్రలోనే విజయవాడ చేరుదురు. దీనికి మేము సమ్మతింపము. వేకువనే బయలుదేరినచో మన రాతిగుట్టలు వెనుకబడుటయు, సూర్యాపేటకు ముందు మూసీనది యడ్డుపడుటయు, తుదకు కృష్ణకాలువల క్రింది వరిచేలు కనబడుటయు కన్నులార చూతురు. దక్కను పీఠభూమి సముద్రమునకు దిగు తీరును భూగోళ పాఠమింత చక్కగా చెప్పజాలదు. రాత్రి బందరున విడిసి, మరునాడు మంగినపూడి తీరమున గడుపవచ్చును. అచ్చటి నేల నల్లనిదని కొందరు పెదవి విరుతురు. పిల్లలకు నేల రంగుతో నేమి పని?

తల్లుల భయము మాత్రము నిష్కారణము కాదు. 1864 నవంబరు 1వ తేదీ నాటి యుప్పెన బందరు ప్రాంతమున సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. 1977 నవంబరు 19న దివిసీమ మునిగెను. కావున తుపానుల కాలము గడచి జనవరి వచ్చిన పిమ్మటనే పోవలెను. జాలరులు చూపిన చోటనే, మోకాలిలోతున మాత్రమే స్నానము చేయవలెను.

రుసుము చెల్లింపజాలని పిల్లలను విడిచిపోవుట మాకు బొత్తిగా నిష్టము లేదు. హోటలు భోజనము మాని యిండ్లనుండి పులిహోర మూటలు తెచ్చుకొన్నచో వ్యయము కొంత తగ్గును. ఆ వాసన గిట్టనివారు కిటికీలయొద్ద కూర్చుందురు గాక.