మన కొబ్బరి చిప్పతో, మన రొయ్య పొట్టుతో మన నీళ్లు బాగు చేసుకుందాం



గౌతమి సముద్రంలో కలవబోయే దారిలో చివరి ఊళ్లలో యానాంలోని మన దరియాలతిప్ప ఒకటి. ధవళేశ్వరం దిగువన ఊళ్ల మురుగు, పొలాల్లో కొట్టిన మందులు, రొయ్యల చెరువుల్లోంచి తోడి వదిలిన నీళ్లు అన్నీ దాటి మన దగ్గరికి వస్తాయి. వేసవిలో కిందనుంచి పోటు నీళ్లు ఎగదన్నుతాయి. దీనికి జవాబుగా మనకు తెలిసింది క్యాన్ నీళ్లు, లేకపోతే ఆర్వో యంత్రం. ఇంట్లో పెట్టే ఆర్వో ఒక లీటరు మంచినీళ్లివ్వడానికి అంతకు రెండింతలో మూడింతలో పారబోస్తుంది.

ఉప్పు తీయాలంటే మాత్రం ఆర్వో కావలసిందే. ఏ బొగ్గూ ఉప్పును పట్టదు. ఆ మాట దాచి ఎవరైనా ఫిల్టరు అమ్మితే నమ్మకండి. కానీ కాలవ నీళ్లలాంటి ఉప్పు లేని నీళ్లకు ఆర్వో ఎందుకు? వాటిలో పురుగుమందుల అవశేషాలు, వాసన, సీసం లాంటి లోహాలు ఉంటే వాటిని తమ ఒంటికి అంటించుకునే పదార్థాలున్నాయి. శాస్త్రజ్ఞులు వాటిని అధిశోషకాలంటారు. అవి తయారయ్యే సరుకు మన చుట్టూనే ఉంది.

కొబ్బరి చిప్పను గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గును బాగా వేడి ఆవిరితో చురుకు చేస్తే, కంటికి కనపడని రంధ్రాలు కోట్లలో తెరుచుకుంటాయి. ఒక్క గ్రాము బొగ్గులో ఆ రంధ్రాల గోడలన్నీ పరిచి కొలిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు. మందుల అవశేషాలు, వాసన అక్కడే ఆగిపోతాయి. రొయ్య పొట్టును ఆమ్లంతో, క్షారంతో శుద్ధి చేస్తే వచ్చే కైటోసాన్ లోహాలను పట్టుకుంటుంది. మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ తలప్పిల్ ప్రదీప్ బృందం ఈ కైటోసాన్‌నే కలిపి నీటిశుద్ధి గుళికలు తయారుచేసి 2013లో ప్రకటించింది. ఆ బృందమే రూపొందించిన ఆర్సెనిక్ తీసే 'అమృత్' పద్ధతి పశ్చిమ బెంగాల్ పల్లెల్లో నీళ్లు ఇస్తోంది. రొయ్యలు పండించే మనం ఆ పొట్టును చెత్తలో పారేస్తున్నామంటే బాధగా ఉంది.

జాగ్రత్తలూ ఉన్నాయి. బొగ్గు నిండిపోయాక నీళ్లు పైకి మామూలుగానే కనిపిస్తాయి, మలినం మాత్రం దాటిపోతుంది. దాని మీద సూక్ష్మజీవులూ పెరుగుతాయి. కాబట్టి పరీక్ష, క్లోరిన్, వేళకు బొగ్గు మార్చడం తప్పవు. పొట్టు శుద్ధి చేసిన క్షారం నీళ్లను నదిలోకి వదిలితే మన చేత్తో మనమే నీళ్లు పాడుచేసుకున్నట్టు.

అందుకే ప్రాంతీయ పరిపాలనాధికారిని, ప్రజాపనుల శాఖను మనం అడిగేది ఇది: దరియాలతిప్ప కుళాయిలు, బోర్ల నీళ్లను వానాకాలంలో ఒకసారి, నడివేసవిలో ఒకసారి లోహాలు, పురుగుమందులతో సహా పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో బోర్డు మీద రాయాలి. ఆ ఫలితాన్ని బట్టి, ఈ రెండు సరుకులతో ఒక చిన్న ప్రయోగ కేంద్రం ఇక్కడే పెట్టి ఏడాది నడపాలి. యానాం ప్రభుత్వ కళాశాల రసాయనశాస్త్ర విద్యార్థులకు అందులో పని ఇవ్వాలి. కైటోసాన్ తయారీ తెలిసిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖలోనే కేంద్రం ఉంది, వాళ్లను పిలవాలి.

మీ వీధి కుళాయి నీళ్లు ఏ నెలలో రంగు మారుతున్నాయో, ఎప్పుడు వాసన వస్తున్నాయో ఇవాళ్టి నుంచే రాసి పెట్టండి. ఆ కాగితాలన్నీ కలిపి అర్జీతో పాటు అధికారుల ముందు పెడదాం. సంతకం చేయడానికి అందరూ రండి.