కొట్లో బిల్లు... ఢిల్లీలో బిల్లు!

చెట్టు ఏపుగా పెరుగుతుంది. కాయ మాత్రం పడదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప, పత్తి రైతులకు నకిలీ విత్తనం చేసే మోసం ఇలాగే ఉంటుంది. అప్పటికి అదను దాటిపోతుంది. చేతిలో మిగిలేది కొట్లో ఇచ్చిన బిల్లు. మరి ఢిల్లీలో పెట్టిన బిల్లు ఏమైంది?

1966 విత్తన చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయలకు మించదు. ఇది చాలదనే 2004 డిసెంబరులో కేంద్రం రాజ్యసభలో కొత్త బిల్లు పెట్టింది. 2006లో స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. సొంత విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే రైతు హక్కుకు రక్షణ కావాలంది. తర్వాత ప్రభుత్వం సవరణలు తెచ్చినా బిల్లు గట్టెక్కలేదు. లోక్‌సభ రద్దయినా రాజ్యసభలో పెట్టిన బిల్లు మురిగిపోదు. అలాగని నెగ్గనూ లేదు! 2019లో ఒకటి, 2025 నవంబరులో మరొకటి... కొత్త ముసాయిదాలు వచ్చాయి.

ప్రభుత్వం తలచుకుంటే పని జరగదా? 2006లో బీటీ పత్తి విత్తనం ధరపై మన రాష్ట్రం ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లింది. 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల ప్యాకెట్ 750కి దిగింది. 2007లో రాష్ట్రం పత్తి విత్తన చట్టమే చేసింది.

ముసాయిదా ఏది వచ్చినా మూడు సంగతులు చూడండి: పరిహారం ఎవరిస్తారు, ఎన్నాళ్లలో ఇస్తారు, ధరకు కళ్లెం ఉందా? అన్నట్టు, కొట్లో ఇచ్చిన బిల్లు, ఖాళీ ప్యాకెట్ పంట చేతికొచ్చేదాకా భద్రం!