నూటికి ముప్పై నలుగురు

మొన్న దీపావళి పాట్‌లక్‌లో ఒక పెద్దాయన మావారిని పలకరించి, "మీ ఆవిడగారు పాఠాలు చెప్పేది యూనివర్సిటీలోనేనా?" అని అడిగారట. "కాదండీ, కమ్యూనిటీ కాలేజీలో, లెక్కలు" అనగానే "ఓహో" అని గారెల ట్రే వైపు నడిచారట. ఈ "ఓహో" నాకు పదహారేళ్ళుగా అలవాటే. అందుకే ఈ సంచికలో మా కాలేజీల సంగతే రాస్తున్నాను.

1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఆరుగురు విద్యార్థులతో మొదలైంది ఇలాంటి మొదటి పబ్లిక్ కాలేజీ. ఇప్పుడు దేశంలో 1,000కి పైగా ఉన్నాయి. ఫీజు తక్కువ, వయసుతో పని లేదు. నా సాయంత్రం క్లాసులో పద్దెనిమిదేళ్ళ కుర్రాడి పక్కన మనవల్ని ఎత్తిన ఆవిడ కూర్చుంటుంది.

కొన్నేళ్ళ క్రితం మన తెలుగమ్మాయే ఒకామె వచ్చింది. మన దగ్గర బి.ఏ. చదివి, పెళ్ళయి ఇక్కడికొచ్చి, పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక నర్సింగ్ చదవాలనుకుంది. దానికి స్టాటిస్టిక్స్ కావాలి. ప్లేస్‌మెంట్ టెస్టులో ఆల్జీబ్రా మరిచిపోయిందని తేలింది. క్రెడిట్ రాని రెమీడియల్ క్లాసులు మూడు దాటితే గానీ స్టాటిస్టిక్స్‌లో కూర్చోనివ్వరు. మొదటిది గట్టెక్కింది. రెండోది నా దగ్గర రెండుసార్లు తప్పింది. ఆ తరవాత కనిపించలేదు. ఇంట్లో సాధన చేసుండదులే అనుకున్నాను. నా బోర్డు మీద తప్పేమీ కనిపించలేదు మరి!

2016లో ఒక టీచర్ల సమావేశంలో పక్క కౌంటీ కాలేజీ నుంచి వచ్చిన ఒకావిడ చిన్న లెక్క వేసి చూపించింది. పిల్లలూ, మీరూ కాగితం తీసుకుని వేయండి. మూడు క్లాసులు. ఒక్కోదాంట్లో పదికి ఏడుగురు పాసవుతారనుకోండి. ఏ టీచరైనా సంతోషించే ఫలితమే. 100 మంది చేరితే మొదటిది దాటేది 70. రెండోది దాటేది 49. మూడోది దాటేసరికి 34. అసలు కోర్సు గుమ్మం దాకా వచ్చేది వీళ్ళే. ఉద్యోగం షిఫ్టు మారో, బిడ్డకి జబ్బుచేసో మధ్యలో ఆగిపోయేవాళ్ళని ఇందులో కలపనే లేదు. లెక్కలు చెప్పే నాకు ఈ గుణకారం ఎప్పుడూ తట్టలేదు. నాకు తెలిసింది నా ఒక్క క్లాసు.

ఇలా లెక్క చూసుకున్నవాళ్ళలో బాల్టిమోర్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ ఇంగ్లీషు అధ్యాపకుడు పీటర్ ఆడమ్స్ ఒకరు. 2007లో ఆయనా, తోటివాళ్ళూ ఒక పద్ధతి మొదలుపెట్టారు. రెమీడియల్‌కి పంపాల్సిన ఎనిమిదిమందిని నేరుగా మొదటి ఇంగ్లీషు కోర్సులో మరో పన్నెండుమందితో కలిపి కూర్చోబెట్టడం, క్లాసవగానే ఆ ఎనిమిదిమందికి అదే టీచరు విడిగా ఇంకో క్లాసు తీసుకోవడం. కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలోని కమ్యూనిటీ కాలేజీ పరిశోధన కేంద్రం పరిశీలిస్తే, ఇలా చదివినవాళ్ళలో ఇంగ్లీషు గట్టెక్కేవాళ్ళు ఎక్కువని తేలింది. ఇతర కాలేజీల టీచర్లూ చూసి నేర్చుకున్నారు. కాలిఫోర్నియాలో కేటీ హెర్న్, మైరా స్నెల్ అనే ఇద్దరు అధ్యాపకులు 2010లో ఇలాంటి ప్రయత్నమే మొదలుపెట్టారు. 2017లో అక్కడ చట్టమే వచ్చింది. అయితే ఇది మంత్రమేమీ కాదు లెండి. టెనెసీలో మొదటి లెక్కల కోర్సు దాటేవాళ్ళు పెరిగినా, డిగ్రీ పూర్తిచేసేవాళ్ళు పెరగలేదని ఆ కేంద్రమే తరవాత చెప్పింది.

ఆ రాత్రి హోటల్ గదిలో మా నాన్నగారు గుర్తొచ్చారు. గుంటూరు జిల్లాలో ప్రాథమిక పాఠశాల టీచరు. 1990ల్లో, 'అప్పెప్' పథకం రోజుల్లో, టీచర్ సెంటర్ మీటింగు ఉందంటే సైకిల్ హ్యాండిల్‌కి సంచీ తగిలించుకుని బయల్దేరేవారు. సంచీలో చింతపిక్కలు, అగ్గిపుల్లలు, అట్టముక్కతో చేసిన గడియారం. "ఇవన్నీ అక్కడెందుకు నాన్నా?" అంటే, "ఈ గడియారం మా పిల్లలకి ఎందుకు ఎక్కట్లేదో వాళ్ళని అడగాలమ్మా" అనేవారు.

తరవాత మా కాలేజీలోనూ పద్ధతి మారింది. ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"మళ్ళీ ఆల్జీబ్రాయేనా అక్కా?"

"కాదమ్మా, నేరుగా స్టాటిస్టిక్స్. పక్కనే సాయం క్లాసు కూడా ఉంటుంది. నేనే చెబుతాను."

వచ్చింది. బి గ్రేడుతో గట్టెక్కింది కూడా.

ఆ సెమిస్టరులోనే మేం లెక్కల టీచర్లం ఐదుగురం నెలకో శుక్రవారం బ్రేక్ రూములో కూర్చోవడం మొదలుపెట్టాం. షరతు ఒకటే: బెడిసికొట్టిన పాఠమే తేవాలి. మొదటిసారి నేను ప్రాబబిలిటీ పరీక్ష పేపర్లు పట్టుకెళ్ళాను. మూడో ప్రశ్న సరిగ్గా చేసింది క్లాసు మొత్తానికి ఒక్కరే, మన అమ్మాయి. లోపల్లోపల మురిసిపోతున్నాను. ఒక సహోద్యోగి ప్రశ్న రెండుసార్లు చదివి, "ఇందులో ఓవర్ అంటే ఏమిటి?" అని అడిగాడు. క్రికెట్ మీద లెక్క ఇచ్చాను! ఓవరుకి ఆరు బంతులని ఎక్కడా రాయలేదు.

మర్నాటి క్లాసుకి క్రికెట్ తీసేసి బాస్కెట్‌బాల్ పెట్టాను. అందరూ చకచకా రాస్తున్నారు. వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.

"ఫ్రీ త్రో అంటే ఏమిటి, ప్రొఫెసర్?"