చేతిపని చేతితోనే నేర్వవలెను

పత్తి యేరుట ముగిసి చేను ఖాళీయైనది మొదలు మృగశిర కార్తె వరకు మనవైపు మెట్టరైతునకు పొలములో పని యరుదు. గోలేటి చుట్టుపట్ల గ్రామములలో ఆ నెలలయందు కొందరు గనులవద్ద కూలికి పోవుదురు; తక్కినవారు ఊరక కూర్చుందురు. గని యెంత పెద్దదైనను ప్రతి యింటికిని ఉద్యోగ మీయజాలదు. బొగ్గు త్రవ్వినకొలది తరుగునదే గాని పెరుగునది కాదు. కావున ఖాళీనెలలలో రైతు కుటుంబములవారు ఒక చేతిపని నేర్వవలెనని పెద్దలు చెప్పుట సమంజసమే. అందులకై శిక్షణశిబిరములును అక్కడక్కడ జరుగుచున్నవి. అవి యెట్లు జరిగిన రైతునకు ఫలించునో, ఎట్లు జరిగిన వ్యర్థమగునో విచారించుట మన సంఘమునకు అవసరము.

మేము చూచిన యొక శిబిరము మూడు దినములు జరిగినది. గురువుగా వచ్చినవారు వేదికమీద పనిచేసి చూపిరి. నలువదిమంది క్రింద కూర్చుండి చూచిరి. కడపటి దినమున అందరికిని యోగ్యతాపత్రములు పంచి ఛాయాచిత్రము తీసిరి. నెల గడచిన పిమ్మట విచారింపగా వారిలో ఒక్కరును కత్తి పట్టలేదని తెలిసినది. ఇందు నేర్చుకొన వచ్చినవారి దోషము లేదు. ఒడ్డున కూర్చుండి ఈత నేర్చినవారు ఎందును లేరు. మా వృత్తిలోను ఇదే అనుభవము: సభలో మేము చెప్పిన సాలుదూరము రైతు ఇల్లు చేరులోపల మరచును, తన మడిలో తానే త్రాడు పట్టి విత్తినదానిని జన్మలో మరువడు.

ఉదాహరణమునకు వెదురుపనిని తీసికొందము. మన అడవిపల్లెలలో కొలాములును, ఊళ్లలో మేదరులును తరతరములుగా దీనిని చేయుచున్నారు. చాట యల్లుట చూచుటకు సులభముగా తోచును. కాని పని అల్లికతో మొదలు కాదు, బొంగు నెన్నుకొనుటతో మొదలగును. ఏడాది దాటని లేతబొంగు ఎండినపుడు ముడుతలు పడును, మిక్కిలి ముదిరినది పెళుసై విరుగును, మూడేండ్లది తగినది. క్రొత్త మొలకలు లేచు వానకాలమున పొదను కొట్టరాదు. కొట్టిన బొంగును రెండు మూడు వారములు నీట నానవేసినచో అందలి పిండిపదార్థము చాలవరకు పోయి పుచ్చుట తగ్గును. పిమ్మట చీల్చుట. చీలిక ఒక ప్రక్కకు సన్నబడుచున్నపుడు లావైన ప్రక్కను వంచి లాగి దారికి తేవలెను. పైతోలు బద్ద గట్టిది, లోపలిది మెత్తనిది. అంచునకు ఏది, నడుమకు ఏది యని వ్రేలికి తెలియవలెను. ఈ మాటలన్నియు మీరిప్పుడు చదివితిరి. అయినను చదివినందున ఎవ్వరికిని బద్ద చీల్చుట రాలేదు. అది రావలెనన్న ఇరువది బొంగులైనను చేతిలో చెడవలెను; చెడినపుడెల్ల పని తెలిసినవారు ప్రక్కన నుండవలెను.

కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.యం. విశ్వకర్మ పథకమును చూడుడు. అందులోని 18 వృత్తులలో బుట్టలు, చాపలు అల్లుటయు ఒకటి. ఆ పథకము ఇదివరకే వృత్తిలో నున్నవారికి ఉద్దేశింపబడినది. అట్టివారికే ప్రాథమిక శిక్షణ 5 నుండి 7 దినములును, పైశిక్షణ 15 దినములును, దినమునకు 500 రూపాయల భృతియు నిర్ణయించిరి. చేయి తిరిగినవారికే అన్ని దినములు కావలసియుండగా, కత్తి పట్టుట యెరుగని రైతుబిడ్డకు మూడు దినములు ఎట్లు చాలును? ఒక వేసవి యంతయు వలయునని మా యభిప్రాయము. మన యూళ్ల మేదరులు ఈ పథకమున చేరినచో పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయమును, 5 శాతము వడ్డీతో తొలివిడత లక్ష రూపాయల వరకు అప్పును పొందవచ్చును. సంఘము వారిచే దరఖాస్తులు పెట్టించుట తొలిపని.

అన్ని పనులను అందరికిని నేర్పరాదు. మన జిల్లాలోని కేస్లాగూడ, ఉషేగాం గ్రామములలో ఓజాలు చేయు ఇత్తడి పోతపనికి 2018లో ఆదిలాబాద్ డోక్రా యను పేర భౌగోళిక గుర్తింపు లభించినది. మట్టితో లోపలి రూపము చేసి, దానిపై మైనపు తీగెలు చుట్టి, మరల మట్టి పూసి కాల్చుదురు. మైనము కరగిపోయిన చోట కరగిన లోహము పోయుదురు. వస్తువు తీయుటకు అచ్చును పగులగొట్టవలెను గనుక ఒక అచ్చునకు ఒక్క వస్తువే. సుమారు 4,500 ఏండ్లనాటి మొహెంజోదారో నర్తకి బొమ్మయు ఇట్టి మైనపు పోతపద్ధతినే చేయబడినది. గోండుల దేవతామూర్తులు, గంటలు, నగలు ఈ ఓజాల చేతినుండియే వచ్చినవి. కొలదిపాటి యిండ్లవారి జీవనాధారమైన యీ పనిని శిబిరము పెట్టి పదిమందికి పంచినచో వారి నోటి కూడు తీసినట్లగును. అక్కడ మనము చేయదగినది వేరు: వారి పిల్లలు తండ్రులవద్ద నేర్చు కాలమున కూలి గిట్టునట్లు ఇత్తడికిని మైనమునకును బదులిచ్చుట, తయారైన వస్తువులను కొనుట.

వెదురు విషయమున ఆ భయము తక్కువ. కాని మరియొక ప్రశ్న కలదు. ప్లాస్టిక్ తట్ట చౌకగా దొరకుచుండగా మన తట్ట ఎవరు కొందురని సభ్యు లడుగుదురు. ధరలో దానితో పోటీపడలేమని ఒప్పుకొనవలెను. కావున మొదట అమ్మకము తలపెట్టక ఇంటి అక్కరకు చేసికొనవలెను. గుమ్మి, తడిక, కోళ్లగంప, నారుమడికి నీడపందిరి—వీనికై యేటేట బజారున పోయు రూకలు ఇంట నిలిచిన అదియు ఆదాయమే. అట్లు చేయగా చేయి తిరిగినవారే పిమ్మట సంతకు పోవుదురు. ముడిసరకునకును అడ్డంకి తగ్గినది. 2017లో అటవీచట్టమును సవరించి, అడవికి వెలుపల పెంచిన వెదురును చెట్టుగా లెక్కించుట మానిరి. గట్లమీద నాటిన పొద నాలుగైదేండ్లకు కోతకు వచ్చును.

ఇందులకై సంఘమువారు రాబోవు వేసవికి ఈ యేర్పాటులు చేయవలెనని కోరుచున్నాము. ఒక తడవకు పదిమందికి మించి చేర్చరాదు. నేర్పు మేదరికిగాని కొలాముకుగాని ఆ దినములకు పనివాని కూలికి తక్కువగాక గురుదక్షిణ నీయవలెను; విద్య వారిది, దానిని ఉచితముగా అడుగుట న్యాయము కాదు. కత్తులు, బొంగులు సంఘము సమకూర్చి, వాని వెలను పంట అప్పువలె కోతల పిమ్మట రాబట్టవలెను. యోగ్యతాపత్రమునకు బదులు ప్రతివారును తమ చేతితో అల్లిన యొక చాటను సంఘకార్యాలయమున చూపవలెను. ఆ చాటలో వడ్లు చెరిగి నిలిచినదేని విద్య వచ్చినదనుకొందము. ఈ విషయము రాబోవు సర్వసభ్యసమావేశమున చర్చకు పెట్టవలసినదిగా కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాము.