హోటల్ రుచి వెనుక ‘మందు’ ఉందా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా వీకెండ్ వస్తే బిర్యానీ, మండీ హోటళ్లు కిటకిటలాడుతున్నాయి. పిల్లలు మళ్లీ అదే హోటల్ అంటుంటే ‘ఏదో మందు కలుపుతున్నారు’ అని పెద్దలకు అనుమానం. నిజానికి ఆ రుచికి మత్తుమందు అక్కర్లేదు. ఉప్పు, నూనె దండిగా పడితే చాలు, నాలుక మళ్లీ అడుగుతుంది. టేస్టింగ్ సాల్ట్‌లోని గ్లూటమేట్ టమాటాలోనూ ఉంటుంది.

భయపడాల్సింది వేరే ఉంది. బిర్యానీ, కబాబ్‌లలో కృత్రిమ రంగులకు అనుమతి లేదు. పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను మళ్లీ వాడరాదన్న నిబంధన 2018 నుంచే ఉంది. 2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది కూడా రహస్య మందును కాదు, పచ్చి గుడ్ల మయోనీజ్‌ను.

గోడ మీది హలాల్ బోర్డు మాంసం సంగతే చెబుతుంది. తిండి తయ్యిబ్ కూడా కావాలంటే రంగు, నూనె గురించి తినేవాళ్లే అడగాలి.